నీకొక చెవి, నాకొక చెవి

మడివాళ, బెంగళూరు
శుక్రవారం, 7 నవంబర్ 2025

నాయన తిరుపాలుకి,

నీ కూతురు నాగలక్ష్మి మొక్కి రాసేది. మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టమని బడిలో నేర్పించారు. మొన్న ఆదివారమే చందాపురకు వచ్చి మీ ఇద్దరినీ కళ్ళారా చూసి వచ్చాను కాబట్టి తలవాల్సిన పని లేదు. నువ్వు బాగున్నావు. నిన్ను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో. నేనూ బాగున్నానని రాయాలి. తింటున్నాను, ఆఫీసుకు పోతున్నాను. నిద్ర మాత్రం సరిగా పట్టడం లేదు. దాని సంగతి తర్వాత.

రేపు అమ్మ మడివాళ మార్కెట్‌కు వస్తానంది. ఈ ఉత్తరం అమ్మ చేతికే ఇస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని అమ్మ అడిగితే, చూడాల్సిన సినిమాల పేర్లు రాసిందని చెప్పు. అది అబద్ధం కాదు. ఆదివారం నేను బస్సెక్కేటప్పుడు నువ్వే అడిగావు, "నౌక కథ అయిపోవస్తాండాది మ్మే. ఇంక అట్లాటివి యేముండాయో రాసియ్యి. సినిమాలైనా సరే, బుక్కులైనా సరే, ఆటలైనా సరే" అని. రాసిస్తున్నాను. ఫోనులో పంపితే వేలు తగలగానే అక్షరాలు పైకి పారిపోతాయని నీ కంప్లయింటు. కాగితం మీదివి ఎక్కడికీ పోవు. పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న మాటలతో రాస్తాను. ఒకేసారి కూర్చుని చదవనక్కర్లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం లోపల చివరిదాకా చదవాలి. సంతకం కింద కూడా కొంచెం ఉంటుంది, అదీ చదవాలి. కార్తీక సోమవారం మంచిదని నువ్వు మళ్ళీ కట్టే బిల్డింగు గోడకు ఆనించిన సారువ పలకల మీదికి ఎక్కడానికి ముహూర్తం పెట్టుకున్నావు. దానికి ముందే ఇదంతా నీ కళ్ళబడాలి.

సరే, నువ్వడిగినవి.

మొదట 'ఎర్ర దుమ్ము' అనే సినిమా చూడు. అంగారక గ్రహం మీద కొంతమంది పోయి ఊరు కట్టుకుంటారు. అక్కడి నేల చూస్తే నీకు మన కళ్యాణదుర్గం గుర్తొస్తుంది. అంతే ఎరుపు, అంతే ఎండుదనం. నీళ్ళు లేవు కాబట్టి గంధకం కరగబెట్టి రాళ్ళలో పోసి గోడలు లేపుతారు. క్యూరింగు లేదు, తడపడం లేదు, ఆరితే అయిపోయింది. నువ్వు ఒప్పుకోవని తెలుసు. "తడపని గోడ గోడేనా" అని ఫోనుతోనే తగాదా పెట్టుకుంటావు. పెట్టుకో. అందులో ఒక ముసలాయన ఉన్నాడు, కట్టిన ప్రతి గోడకూ వీపు ఆనించి ఒక నిమిషం నిలబడతాడు. ఎందుకని అడిగితే గోడ కూడా మనిషిని మొయ్యడం నేర్చుకోవాలంటాడు. ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. పెట్టిన తర్వాత నువ్వు చదువుతావని గుర్తొచ్చి, మళ్ళీ కొట్టేసి ఇంకా చిన్నది చేశాను.

నీకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. నాకు ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు నా పనేమిటో వఠారంలో ఎవరికీ అర్థం కాలేదు. సినిమాలో బొమ్మ కింద మాటలు రెండు వరుసలుగా రాస్తానంటే, రెండు వరుసలకు జీతమిస్తారా అని హనుమక్క నవ్వింది. ప్రేమ కథలూ హత్య కథలూ పాతవాళ్ళు ముందే పంచుకునేవారు. అందరూ వద్దన్నవి, చుక్కల్లో తిరిగేవి, కొత్తగా చేరిన నాకు పడేవి. సైన్స్ ఫిక్షన్ అంటారు వాటిని. నువ్వు వాటిని బెల్టు కథలన్నావు. మొదటిసారి చూసినప్పుడు నౌక పైతోలు బాగుచేయడానికి మనుషులు బయటికి వచ్చి తాళ్ళకు వేలాడుతుంటే, నువ్వు ఫోను దగ్గరికి లాక్కుని వాళ్ళ నడుముల వైపే చూశావు. బెల్టు ఉందా, కొక్కెం తగిలించారా, హెల్మెట్టు పట్టీ బిగించారా అని. ఒకడు కొక్కెం తగిలించకుండా అడుగు వేస్తే వాడిని బండబూతులు తిట్టావు. ఆ రోజు నుంచి వాళ్ళు నీకు పనివాళ్ళయిపోయారు. నౌకను నడిపే ఆమెకు మేస్త్రమ్మ అని పేరు పెట్టావు.

అంతకుముందు నువ్వు దేన్నీ చూసేవాడివి కాదు. ఏళ్ళ తరబడి బ్రేకర్ మెషిన్‌తో కాంక్రీటు పగలగొట్టి నీ చెవులు మెల్లమెల్లగా అరిగిపోయాయి. అరుగుతున్నాయని నువ్వు ఎవరికీ చెప్పలేదు. చెప్తే సారువ ఎక్కనివ్వరు. తర్వాత తెలిసిపోయి నిన్ను లోపలి గోడల పూతకు మార్చినప్పుడు నేను నీకు అక్షరాలు నేర్పాను. అందరూ అన్నాలకు పోతే నువ్వు తడి ప్లాస్టరింగు మీద తాపీ మొనతో దిద్దేవాడివి, మళ్ళీ నున్నగా చదును చేసేవాడివి. అమ్మ పేరు దానితోనే మొదలవుతుందని 'ఈ' ఎక్కువసార్లు దిద్దావు. ఈ ఊళ్ళో ఎవరెవరి పడకగదుల్లో పెయింటు కింద మన ఈరమ్మ మొదటక్షరం ఉందో వాళ్ళకే తెలియదు. బెల్టు కథలు వచ్చాక నీ చదువు పరుగు పట్టింది. మొదట్లో ఒక్కో వరుసకూ ఫోను ఆపుకుని, వేలు పెట్టుకుని, కూడబలుక్కునేవాడివి. ఇప్పుడు ఆపడం లేదు. వేలు కూడా పెట్టడం లేదు. అది నేను గమనించాను నాయనా. చాలా రోజుల క్రితమే గమనించాను.

రెండోది పుస్తకం. నా సంచిలో పెట్టి అమ్మతో పంపుతున్నాను. పేరు 'సాయంకాలం లేని ఊరు'. పిల్లల కోసం రాసింది కాబట్టి అక్షరాలు లావుగా ఉంటాయి, సిగ్గుపడకు. మార్కెట్ దగ్గర పాత పుస్తకాలాయన దగ్గర దొరికింది. ఆ లోకంలో ఒక పక్క ఎప్పుడూ పగలే, ఒక పక్క ఎప్పుడూ చీకటే. పనివాళ్ళు పగటి పక్కకు పోయి పనిచేసి, చీకటి పక్కకు వచ్చి పడుకోవాలి. పని అయిపోయిందని చెప్పే సాయంకాలం లేదు కాబట్టి ఒకరినొకరు చూసుకుని, ఎవరు అలిసిపోయారో వాళ్ళే చెప్పాలి. చెప్పడానికి అందరూ మొహమాటపడతారు. కథంతా ఆ మొహమాటమే. చదివేటప్పుడు ఒకటి గమనించు. పుస్తకంలో శబ్దం లేదు. అయినా ఆ మనుషులు మాట్లాడితే మనకు గొంతు వినిపిస్తుంది. ముసలామెకు ముసలి గొంతు, పిల్లకు పిల్ల గొంతు. ఈ మాట గుర్తుపెట్టుకో. నాకు మళ్ళీ దీనితో పని ఉంది.

ఆట ఒకటి నీ ఫోనులో ఆదివారమే వేసి వచ్చాను. చంద్రుడి బొమ్మ మీద బండి చక్రం ఉంటుంది, అదే. చందమామ మీద గుంతల్లో పడకుండా బండి తోలి ఇనుప దూలాలు చేరవేయాలి. గుంత దగ్గరికి వస్తే హారన్ మోగదు, ఫోను చేతిలో వణుకుతుంది. చెవితో పని లేదు. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగిపోయినప్పుడల్లా నేను ఆడుతున్నాను. ఎన్నిసార్లు బోల్తా కొట్టానో లెక్క లేదు. నువ్వు నాకంటే బాగా తోలతావు, బరువు ఎటు వాలుతుందో నీకు తెలుసు.

ఇంకా ఉన్నాయి. ఈ వారమంతా ఆఫీసులో నా పని అయిపోయాక పాతవన్నీ తిరగేశాను. మా శ్రుతి అడిగింది, ఏం వెతుకుతున్నావని. శ్రుతి మా టీముకు పెద్ద, నేను రాసినవి చూసి సరిదిద్దేది ఆమే. వాళ్ళు ఈ ఊళ్ళో పాత తెలుగువాళ్ళు, తాతల నాటి నుంచి చిక్కపేటలో బట్టల అంగడి. మా నాయనకు కథలు వెతుకుతున్నానని చెప్పాను. అందులో సగమే నిజం. ఒక మాట నీకు చెప్పాలి, నా నోటితో చెప్పలేక, నా బదులు ఆ మాట చెప్పే కథ ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. మరమనుషులు వచ్చారు, కాలంలో వెనక్కి పోయేవాళ్ళు వచ్చారు, వేరే గ్రహం వాళ్ళ భాష నేర్చుకునేవాళ్ళు వచ్చారు. నా మాట ఒక్కరూ చెప్పలేదు.

ఆదివారం గురించి రాస్తాను. నువ్వూ నేనూ ఒకే చోట కూర్చున్నాం కానీ ఇద్దరం చూసింది ఒకటి కాదు. నా వైపు నుంచి ఎట్లా ఉందో నీకు తెలియాలి.

నేను వచ్చేసరికి వఠారంలో అందరూ బయటే ఉన్నారు. అమ్మ గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టింది. ఎందుకంటే మీ నాయనకు చెవులు వచ్చేసినాయని చెప్పింది. అత్తిబెలె పక్క చెవి మందు పోసే ఆయన ఉన్నాడు కదా, ఆకుపసరు పోస్తూ, చెవికి పని పెట్టమని, ఎప్పుడూ ఏదో ఒక శబ్దం చెవిలో ఉండాలని చెప్పాడు. అందుకే నువ్వు బెల్టు కథలు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చూస్తావు. మొదట్లో గుయ్‌మని అదురుడు తప్ప ఏమీ లేదన్నావు. తర్వాత గొంతులన్నావు. ఇప్పుడు మాటలంటున్నావు. పెద్దాసుపత్రిలో డాక్టరు నరం చచ్చిపోయింది, రాదు అన్నాడు. పసరు పోసే ఆయన నరం చిగురిస్తుందన్నాడు. ఎవరి మాట నమ్మాలనిపించిందో వాళ్ళ మాటే నువ్వు నమ్మావు. నీ స్థానంలో ఉంటే నేనూ అదే నమ్మేదాన్నేమో.

హనుమక్క వచ్చి నీ ఎదురుగా నిలబడి, "ఇంక నిన్ను ఎనకనుంచి తిట్టుకునేకి లేదు తిరుపాలన్నా, మాకు కష్టమొచ్చింది" అంది. నువ్వు నవ్వావు. అందరూ నవ్వారు. తర్వాత బాలయ్య మేస్త్రి వచ్చాడు, నువ్వే పిలిపించావట. ఆయన కుర్చీ నీకెదురుగా లాక్కుని, "ఏమప్పా, ఏం తింటివి?" అని అడిగాడు. "రాగిముద్ద, చెనిక్కాయల ఊరుబిండి" అన్నావు. "బలే" అన్నాడు. ఆయన నోరు నీ ముఖానికి ఎదురుగా ఉంది. అది మధ్యాహ్నం వేళ. మధ్యాహ్నం వచ్చిన మనిషి ఇంకేం అడుగుతాడు నాయనా.

అప్పుడు నువ్వు నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నావు. ఇయర్‌ఫోను ఒకటి నీ చెవిలో పెట్టుకున్నావు, ఒకటి నా చెవిలో పెట్టావు. "నీకొక చెవి, నాకొక చెవి. ఇను, ఎంత తేటగా ఇనపడతాండాదో" అన్నావు. నౌకలో మేస్త్రమ్మ పేర్లు పిలిచే ఘట్టం పెట్టావు. తలుపు మూసే ముందు బయట ఎవరైనా మిగిలిపోయారేమోనని ఆమె ఒక్కొక్కరిని పిలుస్తుంది. ఒక్కొక్కరూ పలకాలి. పలికినప్పుడల్లా వాళ్ళతో పాటు నువ్వూ గట్టిగా అన్నావు, "ఉండా. ఉండా. ఉండా" అని. ఒక్కటీ తప్పలేదు. వఠారమంతా చూస్తోంది. బాలయ్య నీ భుజం తట్టాడు. మహదేవపుర టవరుకు పైపూత మనుషులు కావాలి, సోమవారం వచ్చేయమన్నాడు. నువ్వు నా వైపు తిరిగి, "మీ ఆఫీసుకి ఎదురుగానే మ్మే. సారువ మీద నుంచి చెయ్యి ఊపుతా, కిటికీలో నుంచి చూసుకో" అన్నావు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి సంతోషమనుకున్నావు. అమ్మ కూడా అదే అనుకుంది.

వద్దని నేను సైగ చేశాను. నువ్వు చెయ్యి విసిరేశావు. లోపలి పూత కూడా మాన్పించాక, స్టోరు ముందు కుర్చీలో కూర్చుని ఇనుప కడ్డీలకు కాపలా కాయడం నీకు ఎంత చిన్నతనంగా ఉందో నాకు తెలుసు. నిన్ను చూసి జాలిపడేవాళ్ళందరి ముందూ నువ్వు ఆ రోజు నిలబడ్డావు. ఆ నిలబడ్డవాడిని నేను ఎట్లా కూర్చోబెట్టేది?

అయినా ఆ పలకల రోజు నాకు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నువ్వు తలుచుకోవడానికి ఇష్టపడవు, కానీ ఒక్కసారి తలుచుకో. సాయంకాలం సారువ పలకలు విప్పే ముందు బాలయ్య కింద నిలబడి పేర్లు పిలుస్తాడు. పైన ఉన్నవాడు 'ఉండా' అనాలి. పలకనివాడు దిగిపోయినట్టే. ఆ రోజు నీ పేరు పిలిచారు. నువ్వు మూల తిరిగి గోడ వైపు ముఖం పెట్టి చివరి పూత లాగుతున్నావు. నువ్వు పలకలేదు. టీకి దిగిపోయాడులే అనుకుని విప్పడం మొదలుపెట్టారు. నీ పక్క పలక తీసేశారు. నీ కాళ్ళ కింది పలక ముడి కూడా సగం విప్పారు. కింద తట్ట మోస్తున్న హనుమక్క తలెత్తి నీ పాదాలు చూసింది కాబట్టి సరిపోయింది. ఆమె కేక కూడా నీకు వినపడలేదు. పైకి పరిగెత్తి వచ్చిన మనిషి నీ నడుము పట్టుకుంటే అప్పుడు తెలిసింది నీకు. నీ చెవుల సంగతి లోకానికి తెలిసింది కూడా అప్పుడే.

నౌక కథలో ఆ పేర్లు పిలిచే ఘట్టం నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు బాలయ్య పిలుపే గుర్తొచ్చింది. బడి తెలుగులో 'ఉన్నాను' అని రాయాలి. నేను 'ఉండా' అని రాశాను. మామూలుగా అయితే శ్రుతి కొట్టేయాలి, మా ఆఫీసులో ఒక ప్రాంతం మాట రాయకూడదని రూలు. ఆమె దాన్ని చదివి, మళ్ళీ చదివి, "మార్చొద్దులే, ఉండనీ. చదువుతాంటే మా అవ్వ పక్కన కూర్చొని పలికినట్టే ఉండాది" అంది. పైవాళ్ళు అడిగితే నౌకలో వాళ్ళంతా గనుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు, వాళ్ళ మాట అట్లే ఉంటుందని చెప్పింది. అట్లా ఆ మాట మిగిలింది.

ఇంతకన్నా ఇక్కడ రాయలేను. కాగితాలు చాలా అయ్యాయి. 'ఎర్ర దుమ్ము' ముందు చూడు, తర్వాత పుస్తకం చదువు. నౌక కథలో మిగిలిన చివరి భాగం మాత్రం నేను వచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది, నీళ్ళ బిందెలు నువ్వే పట్టు. హనుమక్కను అడిగినట్టు చెప్పు.

ఎప్పుడూ ఇంటిపేరు బదులు నీ పేరే రాసుకునే,
నీ కూతురు
నాగలక్ష్మి

తా.క. అమ్మ పక్కన ఉంటే ఇక్కడ ఆపు నాయనా. అమ్మకు అక్షరాలు రావు కానీ నీ ముఖం చదవడం వచ్చు. నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి ఒక్కడివే చదువు.

నౌకలో వాళ్ళు తెలుగు మాట్లాడరు.

ఒక్క ముక్క కూడా మాట్లాడరు. అది ఎక్కడో మంచు కురిసే దేశం వాళ్ళ భాష. నాకే రాదు. ఎవరో దాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపుతారు, నేను ఇంగ్లీషు చూసి తెలుగు రాస్తాను. టీవీలో తెల్లవాళ్ళు కూడా తెలుగు మాట్లాడతారు కదా, ఇదీ అట్లాంటిదే అనుకున్నావు. ఎవరైనా అదే అనుకుంటారు. నీకు ఆ సంగతి తెలియదన్న సంగతి నాకూ ఆదివారం దాకా తెలియదు. నువ్వు ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే పెట్టుకున్నావు కాబట్టి అమ్మకూ తెలియదు, వఠారంలో ఎవరికీ తెలియదు.

మేస్త్రమ్మ పేర్లు పిలిచినప్పుడు నా చెవిలో వాళ్ళు అన్నది ముక్కుతో పలికే ఏదో చిన్న మాట. 'ఉండా' అని ఒక్కరూ అనలేదు. ఆ మాట నేను రాసింది. నీ దగ్గర నుంచి తీసుకుని నేను రాసింది. అది బొమ్మ కింద ఆ రెండు వరుసల్లో తప్ప ఇంకెక్కడా లేదు. నువ్వు దాన్ని నీ కళ్ళతో తీసుకున్నావు. పుస్తకంలో గొంతు వినిపిస్తుందని రాశాను చూడు, అదే ఇది. నీ చెవులు తెరుచుకోలేదు నాయనా. నువ్వు చదవడం నేర్చుకున్నావు. చదువుతున్నానని నీకే తెలియనంతగా నేర్చుకున్నావు. చూసేవాడికి చదివినట్టు తెలియకూడదు, విన్నట్టు ఉండాలి, అప్పుడే మీరు బాగా రాసినట్టు అని మాకు ఆఫీసులో చేరిన మొదటి రోజు చెప్పారు. అట్లాంటి చదువరి ఒకడు ఉంటాడని నేను నమ్మలేదు. ఉన్నాడు. వేలిముద్ర వేసేవాడు, మా నాయన.

ఈ మాట ఆదివారమే చెప్పాల్సింది. నీతో మెల్లగా చెప్పే దారి లేదు. అరవాలి. అరిస్తే రేకుల గోడలు దాటి వఠారమంతా వింటుంది. కొబ్బరికాయ కొట్టిన అమ్మ వింటుంది. ఆ నవ్వులు నీ మీద పడతాయి. నాకు చేతకాలేదు. ఇప్పుడు కూడా దీన్ని అమ్మ చేతనే పంపిస్తున్నాను, తనకు తెలియకుండా తనతోనే మోయిస్తున్నాను. ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికి ఏం చెప్పాలో నువ్వే చెప్పుకో. చెప్పకపోయినా సరే.

నా మాట నమ్మకపోతే ఒక పని చెయ్యి. ఆ ఘట్టం పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకో. మేస్త్రమ్మ పిలుస్తుంది. కళ్ళు మూసుకున్నాక కూడా నీకు 'ఉండా' అని వినిపిస్తే సోమవారం నిశ్చింతగా పో. నేను అడ్డం రాను.

బస్సెక్కే ముందు నువ్వు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నావు. నేను వెనక నుంచి పిలిచాను. మొదట మెల్లగా. తర్వాత హనుమక్క బయటికొచ్చి చూసేంత గట్టిగా. నువ్వు తిరగలేదు. నీళ్ళ చప్పుడులే అంది హనుమక్క.

సారువ బదులు నీకు ఏం పని ఉందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోమనడం ఎంత కష్టమో తెలిసి కూడా కూర్చోమంటున్నాను. సోమవారం పొద్దున నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడతాను. ఆ టవరు మీద మనుషులు చీమల్లా కనిపిస్తారు, అయినా నీ నడక నేను గుర్తుపడతాను. గుర్తుపట్టే పని పడకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

ఆదివారం సాయంకాలం అమ్మ మళ్ళీ ఇటు వస్తుంది, పుస్తకం పెట్టిన నా సంచి తిరిగి ఇవ్వడానికి. ఈ కాగితం వెనక ఖాళీ ఉంచాను. నేను ఇక్కడ కింద నిలబడి పిలుస్తున్నాననుకో నాయనా. తిరుపాలూ అని పిలుస్తున్నాను. నీకు వినపడనక్కర్లేదు, చదివితే చాలు. చదివి, ఆ సారువ ఆలోచన నుంచి దిగి, వెనక ఒక్క మాట రాసి పంపు. అమ్మ మడత విప్పి చూసినా ఏమిటో తెలియదు. నాకు తెలుస్తుంది.

ఉండా అని రాయి.